సోమవారం అర్జీలతో రోడ్డు రాలేదు. ఏజెన్సీ ఊళ్ళ వాళ్ళం ఇంకేం అడగాలి, ఎలా అడగాలి?

కొండవాలు

అందరికీ నమస్కారం. మాది అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒక శివారు గ్రామం, పంచాయతీ కేంద్రం నుంచి పైకి ఎక్కాలి. మండలం పేరు రాయట్లేదు, ఎందుకో ఇక్కడున్న వాళ్ళకి చెప్పక్కర్లేదు.

మా ఊరికి రోడ్డు శాంక్షన్ అయింది. కొంత దూరం మెటల్ పరిచారు, అక్కడితో ఆపేశారు, వానలు మొదలైతే ఆ పరిచిన రాయి కూడా గెడ్డలోకి (వాగులోకి) కొట్టుకుపోతోంది. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే డోలీ మోతే గతి. 108 బండి కింద తారు రోడ్డు దాకా వస్తుంది, ఆ రోడ్డు దాకా మనిషిని మోసుకెళ్ళాల్సింది మేమే. ఈ మధ్య నొప్పులు మొదలైన మా వదినని రాత్రిపూట అలాగే దింపాం. తల్లీ బిడ్డా క్షేమం. కానీ ఆ రాత్రి మా అన్న ముఖం చూసినవాడెవడూ ఇంకోసారి ఊరుకోడు.

సోమవారం పీజీఆర్‌ఎస్‌లో (ప్రజా ఫిర్యాదుల కార్యక్రమం) అర్జీలు ఇస్తూనే ఉన్నాం. రసీదు ఇస్తారు, ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, కొన్నాళ్ళకి సమస్య పరిష్కారమైందని ఇంకో మెసేజ్ వస్తుంది. వెళ్ళి అడిగితే సంబంధిత శాఖకి పంపేశాం కాబట్టి మా దగ్గర క్లోజ్ అయిందంటారు. ఐటీడీఏలో (గిరిజనాభివృద్ధి సంస్థ) అడిగితే ఇంజినీరింగ్ వాళ్ళ దగ్గరికి వెళ్ళమంటారు, వాళ్ళు ఫారెస్ట్ క్లియరెన్స్ రాలేదంటారు, ఫారెస్ట్ వాళ్ళు మాకసలు ఫైలే రాలేదంటారు. ఎవరూ కసురుకోరు, అందరూ కూర్చోబెట్టే మాట్లాడతారు, పని మాత్రం కాదు. ఇంకో అర్జీ రాసే ఓపిక మా ఊళ్ళో ఎవరికీ లేదు. దారి తెలిసినవాళ్ళు చెప్పండి.

రావిచెట్టు

తమ్ముడూ, నేను ఉపాధి హామీ సోషల్ ఆడిట్‌లో చాలాకాలం పనిచేసిన మనిషిని. నిన్ను ఒక్కటే అడుగుతాను. ఇన్నాళ్ళూ రోడ్డు వెయ్యమని అడిగారు సరే, వేసినట్టు ఏం రాసుకున్నారో చూపించమని ఎప్పుడైనా అడిగారా?

ఈ రెండూ ఒకటి కావు. వెయ్యమని అడిగితే అది వినతి, దానికి నిధుల్లేవు, పరిశీలిస్తాం, పైకి పంపాం అని ఏ జవాబైనా ఇవ్వొచ్చు, అందులో దేన్నీ నువ్వు తప్పని నిరూపించలేవు. అదే శాంక్షన్ ఆర్డర్ కాపీ ఇవ్వండి, ఎస్టిమేట్ ఇవ్వండి, ఎంబుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకం) ఏ తేదీన ఎక్కణ్ణుంచి ఎక్కడికి ఎన్ని మీటర్లు కొలిచి రాశారో ఇవ్వండి, కాంట్రాక్టరుకి ఎంత బిల్లు చేశారో ఇవ్వండి అని అడిగితే ఒక అధికారి సంతకం పెట్టి కాగితం ఇవ్వాల్సి వస్తుంది. ఆ కాగితం పట్టుకుని ఊరంతా టేపు తీసుకుని రోడ్డు మీదికి వెళ్ళి కొలవొచ్చు. రాసింది ఎంత, ఉన్నది ఎంత. అప్పుడు మీరు అర్జీదారులు కాదు, సాక్షులు.

మేం చేసిందీ అదే. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సోషల్ ఆడిట్ మొదలైంది, 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీయే పెట్టారు. ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ పనుల్ని గ్రామసభే తనిఖీ చెయ్యాలంది. మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) తీసుకుని ఇంటింటికీ వెళ్ళేవాళ్ళం. ఫలానా వారం ఫలానా చెరువు పనికి వెళ్ళావని ఇక్కడ ఉందమ్మా, డబ్బు ఇంత వచ్చిందని ఉంది, నిజమేనా అని అడిగేవాళ్ళం. చనిపోయినవాళ్ళ పేర్లు వచ్చేవి, ఊళ్ళో లేనివాళ్ళ పేర్లు వచ్చేవి. చివర్లో మండల ప్రజావేదికలో అధికారుల ముందే మొత్తం చదివేవాళ్ళం. చదువు రాని ముసలమ్మ మైకు పట్టుకుని నాకు ఆ డబ్బు రాలేదని చెబితే ఆ మాటని పక్కన పెట్టడం ఎంత పెద్ద ఆఫీసరుకైనా కష్టమే.

ఈ పద్ధతికి మూలం రాజస్థాన్‌లో ఉంది. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అని 1990లో పెట్టుకున్నారు, 1994 నుంచి పంచాయతీ లెక్కల్ని జనం మధ్య చదివించడం మొదలుపెట్టారు. మన పైసలు, మన లెక్క అన్నదే వాళ్ళ నినాదం. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం వెనక ఆ కూలీల పోరాటం చాలా ఉంది.

గెడ్డదాటి

అక్కా, చెప్పింది బాగానే ఉంది కానీ మా మండలంలో జరిగింది చెబుతాను. ఒక కుర్రాడు సమాచార హక్కు కింద ఒక బిల్డింగు బిల్లులు అడిగాడు. అప్లికేషను ఇచ్చిన వారంలోపే కాంట్రాక్టరు తరఫు మనిషి ఇంటికొచ్చాడు. అప్లికేషను ఆఫీసులో ఇస్తే వాళ్ళకెలా తెలిసింది? తర్వాత వాళ్ళ నాన్నకి పింఛను గురించి భయం పెట్టారు. వాడు విత్‌డ్రా చేసుకున్నాడు, వాణ్ణి నేను తప్పు పట్టను. ఏజెన్సీలో ప్రశ్నించే కుర్రాణ్ణి అనుమానంగా చూడటం కొత్తేం కాదు. పైగా సమాచార కమిషన్‌కి వెళ్తే విచారణ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. చట్టం పుస్తకంలో ఉంటే మాకేంటి?

సోషల్ ఆడిట్‌లో కూడా అంతే కదా. తిన్నట్టు తేలుతుంది, రికవరీ అని రాస్తారు, ఎంత వసూలైందో మళ్ళీ ఎవరూ చెప్పరు.

రావిచెట్టు

నువ్వు చెప్పింది నిజం తమ్ముడూ, రికవరీ దగ్గరే మా పని ఎక్కువగా దెబ్బతింది. దొంగతనం బయటపెట్టడం ఒక ఎత్తు, శిక్ష పడేదాకా వెంటపడటం ఇంకో ఎత్తు. రెండోది మా చేతుల్లో లేదు, శాఖ చేతుల్లో ఉండేది. అయినా తర్వాతి ఏడాది అదే ఊళ్ళో మస్టరు రాసేటప్పుడు చెయ్యి వణకడం నేను చూశాను.

ఒంటరిగా అడిగిన కుర్రాడి సంగతి మాత్రం చాలా బాధగా ఉంది. ఒక్కడి పేరు మీద ఎప్పుడూ వెయ్యకండి. శాంక్షన్ ఆర్డర్ ఒకరు, ఎంబుక్ ఇంకొకరు, బిల్లులు మరొకరు, వేరువేరు ఊళ్ళ నుంచి వేరువేరు దరఖాస్తులు పెట్టండి. అందులో ఆడవాళ్ళ పేర్లు ఉండాలి. అందరినీ ఇంటికొచ్చి బెదిరించలేరు.

నర్సీపట్నం వకీలు

నేను కొన్ని చట్టం పాయింట్లు పెడతాను, వాడుకోండి.

మన రాష్ట్రంలో సమాచార హక్కు దరఖాస్తుకి గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్లకార్డు ఉన్నవాళ్ళకి అదీ లేదు, కార్డు జిరాక్సు జత చెయ్యాలి. రాయడం రానివాళ్ళు నోటితో చెబితే రాసిపెట్టాల్సిన బాధ్యత సమాచార అధికారిదే, 6వ సెక్షన్‌లో ఉంది, ఈ సంగతి చాలామంది ఆఫీసర్లకే తెలీదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు, దానికి మీకు 30 రోజుల గడువు. ఆ తర్వాత 90 రోజుల్లోపు కమిషన్‌కి రెండో అప్పీలు. కమిషన్ ఆలస్యం చేస్తుందన్నది వాస్తవమే, కానీ చాలా కేసుల్లో మొదటి అప్పీలు నోటీసు వెళ్ళగానే కాగితాలు కదులుతాయి. ఎందుకంటే రోజుకి 250 చొప్పున 25,000 వరకు జరిమానా పడేది ఆ అధికారి జేబు మీదే.

అన్నిటికన్నా తక్కువ వాడుతున్నది అదే చట్టంలోని సెక్షన్ 2(జె). కాపీలే కాదు, పని జరిగిన చోటికి వెళ్ళి చూసే హక్కు, అక్కడి మెటీరియల్ నమూనా తీసుకునే హక్కు కూడా అందులో ఉంది. రోడ్డు మీది కంకర, సిమెంటు ముక్క సర్టిఫైడ్ శాంపిల్‌గా అడగొచ్చు.

ఇక మీ ఫారెస్ట్ క్లియరెన్స్ సంగతి. అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 3(2) చదవండి. రోడ్డు, బడి, ఆసుపత్రి, తాగునీటి పైపు లాంటి 13 రకాల పనులకి ఒక్కో పనికి ఒక హెక్టారు లోపు అటవీ భూమి, హెక్టారుకి 75 చెట్లకి మించకుండా పోయేట్టయితే, గ్రామసభ సిఫార్సు మీద డీఎఫ్ఓ (అటవీ డివిజన్ అధికారి) స్థాయిలోనే అనుమతి ఇవ్వొచ్చు. పెద్ద ఫైలు ఢిల్లీ దాకా తిరగక్కర్లేదు. కాబట్టి ఆ పరిధిలోకి వచ్చే పనైతే మీరు అడగాల్సిన ప్రశ్న ఇది: మా రోడ్డుకి 3(2) కింద ప్రతిపాదన పెట్టారా, పెడితే ఏ తేదీన, దాని కాపీ ఇవ్వండి. అసలు పెట్టలేదని తేలితే ఇంతకాలం మీకు చెప్పిన కారణమే నిలబడదు.

కొండవాలు

వకీలు గారూ, ఈ 3(2) సంగతి మాకు ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు. గ్రామసభ సిఫార్సు కావాలంటే మమ్మల్ని అడగాలి కదా, మా ఊళ్ళో అలాంటి సభ ఎప్పుడూ జరగలేదు. పంచాయతీ కేంద్రంలో జరిగిందని చెప్పి మా పేర్ల కింద వేలిముద్రలు ఉన్నాయేమో అని ఇప్పుడు అనుమానం వస్తోంది.

కొత్త సెక్రటరీ

నేను పంచాయతీ కార్యదర్శిని, వేరే జిల్లా, నాదీ ఏజెన్సీ మండలమే. కొంచెం మా వైపు నుంచి కూడా చెప్పనివ్వండి.

జనం ముందుగా పట్టుకునేది మమ్మల్నే. ఇంత పెద్ద రోడ్డు పంచాయతీ పరిధిలోది కాదు. అది పంచాయతీరాజ్ ఇంజినీరింగో, గిరిజన సంక్షేమ ఇంజినీరింగో చూస్తుంది, నాకు ఆ ఫైలు కంటికి కూడా కనపడదు. 2021-26 కాలానికి మా దగ్గరికొచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాల్సి వచ్చేది. మిగిలిన దాంట్లో కరెంటు బిల్లులు పోగా కల్వర్టు కూడా వచ్చేది కాదు. అది నేను దాచట్లేదు, ఈగ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైట్‌లో పంచాయతీ పేరు కొడితే ఏ పనికి ఎంత చెల్లించామో ఎవరైనా చూడొచ్చు. చూడండి, తప్పు ఉంటే అడగండి. అడిగేవాళ్ళుంటే పైనుంచి వచ్చే ఒత్తిడికి మాకూ ఒక అడ్డం దొరుకుతుంది, నిజంగా చెబుతున్నాను.

గ్రామసభ గురించి మాత్రం మీ అనుమానం కొట్టిపారెయ్యలేను. మీది రాజ్యాంగం ఐదో షెడ్యూలులోని ఆదివాసీ ప్రాంతం, అక్కడి గ్రామసభలకి అధికారాలిచ్చే పీసా చట్టం 1996 వర్తిస్తుంది, మన రాష్ట్రంలో దానికి 2011లో రూల్స్ వచ్చాయి. ఆ చట్టం ప్రకారం పంచాయతీ మొత్తానికి ఒకటే సభ అనేం లేదు, ఒక ఆవాసానికో, కొన్ని ఆవాసాలకి కలిపో సొంత గ్రామసభ ఉండొచ్చు. పీసా కమిటీకి ఉపాధ్యక్షుడు, కార్యదర్శి ఊళ్ళోవాళ్ళే. వాళ్ళెవరో మీకు తెలుసా? తెలియకపోతే ముందు అది కనుక్కోండి. ఇంకో సంగతి, పీసా సెక్షన్ 4 క్లాజు (ఎఫ్). పంచాయతీ పెట్టిన ఖర్చుకి గ్రామసభ నుంచి వినియోగ ధ్రువీకరణ తీసుకోవాలి. అంటే డబ్బు సరిగ్గా ఖర్చయిందో లేదో సర్టిఫికెట్ ఇవ్వాల్సింది మీరు. ఆ అధికారం కాగితం మీద మీకు ఉంది, ఎక్కడా వాడినట్టు నేను చూడలేదు.

ఏజెన్సీ నర్సు

నాకూ ఒక మాట చెప్పాలని ఉంది. డోలీ వార్త పేపర్లో రాగానే షోకాజ్ నోటీసు వచ్చేది ఏఎన్ఎంకీ, ఆశా కార్యకర్తకీ. గర్భిణిని ముందే ఎందుకు తరలించలేదని అడుగుతారు. తరలించడానికి బర్త్ వెయిటింగ్ హాల్ ఉంది, నిజమే. కానీ ఇద్దరు పిల్లల్ని, పోడు పంటని, ముసలి అత్తని వదిలేసి నెల ముందే వచ్చి అక్కడ ఉండమంటే ఏ ఆడమనిషికి కుదురుతుంది? తోడొచ్చిన మనిషికి తిండి ఎవరు పెడతారు, పోయిన కూలి ఎవరిస్తారు? ఈ ప్రశ్నలు మీటింగులో అడిగితే ఎదురు మాట్లాడుతున్నానంటారు.

కొండ ప్రాంతంలో 3,000 మందికి ఒక సబ్‌సెంటర్ అన్నది లెక్క, మైదానంలో అయితే 5,000. జనాభా లెక్క సరిపోవచ్చు, ఆ 3,000 మంది ఎన్ని కొండల మీద ఉన్నారో ఆ లెక్కలో ఉండదు. నేను ఒక ఊరికి వెళ్ళి వచ్చేసరికి రోజు అయిపోతుంది, అదే రోజు యాప్‌లో ఎంట్రీలు కూడా వెయ్యాలి, సిగ్నల్ ఉండదు.

అందుకే నా కోరిక ఏంటంటే, నర్సు రాలేదని కాకుండా, మా పీహెచ్‌సీకి మంజూరైన పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని, డాక్టరు డిప్యుటేషన్ మీద వేరేచోటికి వెళ్ళి ఉంటే ఆ ఆర్డర్ ఎవరిచ్చారు, ఫీడర్ అంబులెన్సు లాగ్‌బుక్‌లో ఏముంది, ఇవి అడగండి. అప్పుడు తప్పు ఎక్కడుందో అక్కడికి వెళ్తుంది. కింద ఉన్న మా మీదే ఆగిపోదు.

గెడ్డదాటి

నర్సమ్మ గారూ, ఇది ఎప్పుడూ ఇలా ఆలోచించలేదు. మా ఏఎన్ఎంని మేం కూడా చాలా మాటలన్నాం.

అయితే ఇన్ని కాగితాలు అడగడానికి మాకు కాగితం మీద బలం ఏముంది? రోడ్డు మా హక్కా, వాళ్ళ దయా? అక్కడ తేలాలి.

నర్సీపట్నం వకీలు

హక్కే. 1986లో హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వం, ఉమేద్ రామ్ శర్మ కేసులో సుప్రీంకోర్టు, కొండ ప్రాంతాల వాళ్ళకి రోడ్డు సౌకర్యం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. 1996లో పశ్చిమ్ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో, అత్యవసర వైద్యం అందించడం ప్రభుత్వ బాధ్యత, డబ్బుల్లేవన్నది సాకు కాదని చెప్పింది. రెండు తీర్పుల పేర్లూ మీ తీర్మానంలో రాయండి.

కోర్టు దాకా వెళ్ళాలంటే భయపడకండి. ఎస్టీలకీ, ఆడవాళ్ళకీ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి తెల్లకాగితం మీద రాసినా చాలు. కరెంటు, నీళ్ళు, ఆసుపత్రి సేవల మీద అయితే శాశ్వత లోక్ అదాలత్ ఉంది, అక్కడ కోర్టు ఫీజు లేదు. జాతీయ ఎస్టీ కమిషన్‌కి కూడా రాయొచ్చు, విచారణ చేసేటప్పుడు అధికారుల్ని పిలిపించే సివిల్ కోర్టు అధికారాలు దానికి ఉన్నాయి. బెదిరింపులు వస్తే అది వెంటనే రాతలో పెట్టి న్యాయ సేవాధికార సంస్థకి ఒక కాపీ పంపండి. నోటిమాటగా వదిలెయ్యకండి.

ఉట్నూరు మాస్టారు

మాది తెలంగాణ వైపు, ఉమ్మడి ఆదిలాబాద్. ఇక్కడ సోమవారం ప్రజావాణి, మీ దగ్గర పీజీఆర్‌ఎస్, కథ ఒకటే.

మేం చేసిన చిన్న పని చెబుతాను. బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్ళుండాలని విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్‌లో ఉంది. కమిటీ పుస్తకంలో ఉంది, మనుషులకి మాత్రం తెలీదు. బడికి వచ్చిన గ్రాంటు ఎంత, దేనికి ఖర్చయింది అన్నది గోండిలో చదివి వినిపించాం. తెలుగులో చదివినంతసేపూ తల ఊపి వెళ్ళిపోయేవాళ్ళు, వాళ్ళ భాషలో చదివేసరికి ప్రశ్నల మీద ప్రశ్నలు. ఈ తలుపులు ఎక్కడ పెట్టారు చూపించండి అని ఒక అమ్మ లేచి అడిగింది. మీ దగ్గర కోందు ఊళ్ళుంటే కువిలో చదవండి. ఆదివాసీ ఒడియా మాట్లాడే ఊళ్ళుంటే అందులో చదవండి. తీర్మానం తెలుగులో రాసుకున్నా పర్లేదు, చర్చ మాత్రం వాళ్ళ భాషలోనే జరగాలి. ఇది లేకుండా మిగతావన్నీ చదువుకున్న నలుగురి వ్యవహారంగా మిగిలిపోతాయి, ఆ నలుగురిని లొంగదీసుకోవడం తేలిక.

డిపో క్యూ

రేషన్ సంగతి కూడా కలపండి ప్లీజ్. మా డీఆర్ డిపో (రేషన్ ఇచ్చేచోటు) కొండ కింద. మిషన్‌కి సిగ్నల్ లేదని వెనక్కి పంపేస్తే మళ్ళీ ఒక రోజు కూలి పోతుంది.

రావిచెట్టు

ఆహార భద్రత చట్టం 2013లో 28వ సెక్షన్ సోషల్ ఆడిట్, 29వ సెక్షన్ డిపో స్థాయి విజిలెన్స్ కమిటీ. మీ డిపో కమిటీలో ఎవరున్నారో అడగండి. జిల్లాలో ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఆయనకి పైన రాష్ట్ర ఆహార కమిషన్. అన్నీ ఒకే దరఖాస్తులో కలపొద్దు తల్లీ, రేషన్‌కి వేరే పెట్టండి, కలిపితే ఏదో ఒకదానికి జవాబిచ్చి మిగతావి వదిలేస్తారు.

కొత్త సెక్రటరీ

కొండవాలు గారూ, ఇంకోటి. రోడ్డు మొదట్లో బోర్డు ఉందా? పీఎంజీఎస్‌వై (ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన) రోడ్డయితే కచ్చితంగా ఉండాలి. పొడవు, ఖర్చు, కాంట్రాక్టరు పేరు, మొదలుపెట్టిన తేదీ అందులో ఉంటాయి. ఆ పథకంలో రోడ్డు పూర్తయ్యాక 5 ఏళ్ళ పాటు నిర్వహణ అదే కాంట్రాక్టరు బాధ్యత. పథకం వెబ్‌సైట్‌లో జిల్లా, మండలం వారీగా రోడ్ల జాబితా ఉంటుంది, అందులో మీ రోడ్డు పూర్తయినట్టు చూపిస్తోందో, పని నడుస్తున్నట్టు చూపిస్తోందో ముందు చూడండి. పీవీటీజీ (బాగా వెనకబడిన ఆదిమ తెగల) ఆవాసమైతే 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ కింద పెట్టి ఉండొచ్చు, అందులో 100 మంది జనాభా ఉన్న ఆవాసానికి కూడా రోడ్డు ఇవ్వొచ్చు. ఏ పథకమో తెలియకుండా దరఖాస్తు పెడితే మాకు సంబంధించింది కాదని తిప్పి పంపేస్తారు. నిజానికి సమాచార హక్కు చట్టం 6(3) ప్రకారం సంబంధిత ఆఫీసుకి వాళ్ళే 5 రోజుల్లో బదిలీ చెయ్యాలి, చెయ్యరు.

కొండవాలు

బోర్డు ఉంది, గెడ్డ పక్కన పడిపోయి ఉంది, ఫోటో తీసుకున్నాం. పీసా కమిటీ ఉపాధ్యక్షుడు పక్క ఊరి పెద్దాయన. ఆయన్ని అడిగితే తనని ఆ పదవిలో పెట్టినట్టు చెప్పారు గానీ ఒక్క మీటింగుకి పిలవలేదన్నారు. చాలా సంతోషించారు, సభ తన ఊళ్ళోనే పెడదామన్నారు. సంత రోజు కాకుండా చూసుకుని మూడు ఊళ్ళ వాళ్ళం కూర్చుంటున్నాం. మా వదిన కూడా ఒక దరఖాస్తు మీద సంతకం పెడతానంది.

ముసాయిదా ఇది, సరి చెయ్యండి:

"సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) ప్రకారం, ఈ కింది రోడ్డు పనికి సంబంధించి పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, ఎస్టిమేట్, ఒప్పందం కాపీలు, ఎంబుక్ ధ్రువీకరించిన నకలు, ఇంతవరకు చెల్లించిన బిల్లుల వివరాలు, అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) కింద పంపిన ప్రతిపాదన కాపీ, దానికి జత చేసిన గ్రామసభ తీర్మానం కాపీ ఇవ్వగలరు. సెక్షన్ 2(జె) ప్రకారం పని స్థలాన్ని తనిఖీ చేసేందుకు తేదీ తెలపగలరు. ఈ రోడ్డు ఇంతకాలం ఎందుకు పూర్తి చెయ్యలేదో, దీనికి బాధ్యులెవరో తెలపగలరు."

రావిచెట్టు

చివరి వాక్యం తీసెయ్ తమ్ముడూ. ఎందుకు అని అడిగితే అది రికార్డులో ఉన్న సమాచారం కాదని ఆ ఒక్కదాన్ని పట్టుకుని మొత్తం తిప్పి పంపుతారు. దాని బదులు, పని ఆలస్యంపై కాంట్రాక్టరుకి ఇచ్చిన నోటీసుల కాపీలు, గడువు పెంచిన ఉత్తర్వుల కాపీలు అని రాయి. ఎందుకన్నది అందులోనే బయటపడుతుంది. గ్రామసభ తీర్మానం మీద సంతకాల పేజీ కూడా కావాలని విడిగా రాయి, మీ అనుమానం తేలేది అక్కడే. ముందు చెప్పినట్టు వీటిని నలుగురి పేర్ల మీద విడగొట్టు, అటవీ ప్రతిపాదన సంగతి మీ వదిన పేరు మీద పెట్టు.

గెడ్డదాటి

బోర్డు మీదున్న వర్కు పేరు, నంబరు ఉన్నది ఉన్నట్టు దించు. ఒక్క అక్షరం తేడా ఉన్నా అలాంటి పని మా రికార్డులో లేదంటారు. కొలవడానికి రోజు అనుకుంటే చెప్పు, మా వైపు నుంచి మేమూ కొందరం వస్తాం, టేపు మా దగ్గరుంది.

నర్సీపట్నం వకీలు

ఆఫీసులో చేతికిస్తే డూప్లికేట్ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. వెయ్యకపోతే స్పీడ్ పోస్టులో పంపండి, రిజిస్టర్డ్ పోస్టు 2025లో అందులోనే కలిసిపోయింది. ఫీజు కట్టాల్సి వస్తే 10 రూపాయల పోస్టల్ ఆర్డరు సరిపోతుంది, దాని నంబరు దరఖాస్తులో రాయండి. అందిన తేదీ నుంచి 30 రోజులు లెక్కపెట్టుకుని గడువు దాటిన మర్నాడు నాకు మెసేజ్ చెయ్యండి, నాలుగు అప్పీళ్ళూ నేను రాసిస్తాను, ఫీజు అక్కర్లేదు.

కొండవాలు

సరే సార్. చివరి వాక్యం తీసేశాం, నోటీసులు, గడువు ఉత్తర్వులు కలిపాం. వదిన దరఖాస్తు వేరే కాగితం మీద రాశాం. వచ్చిన జవాబులు పేర్లు కొట్టేసి ఇక్కడే పెడతాను.